నివాళి అంటే మొదట హారతే

మొన్న సినీనటుడు కృష్ణగారి వర్ధంతి పోస్టు కింద ఒకరు "నివాళి అనకండి, అది పోయినవాళ్లకి వాడే మాట కాదు, శ్రద్ధాంజలి అనండి" అని రాశారు. ఇంకొకరు "అందరూ వాడుతున్నారు, ఇప్పుడు తప్పేంటి?" అన్నారు. వాదన చాలా దూరం పోయింది. ఇద్దరి మాటలోనూ కొంత నిజం ఉంది. ఇదే గొడవ మా మావయ్య ఇంట్లో నా కళ్లముందు జరిగింది కాబట్టి, కాస్త వివరంగా రాయాలనిపించింది.

2022 నవంబర్ 15. ఆ తెల్లవారుజామున హైదరాబాద్‌లో కృష్ణగారు పోయారు. విశాఖ వన్‌టౌన్‌లో ఉండే మా మావయ్య పొద్దున్నే ఫోన్ చేసి "ఒరే, కృష్ణ ఎలిపోనాడ్రా" అన్నాడు. ఆ తర్వాత మాట రాలేదు, ఫోను మాత్రం పెట్టలేదు. ఆ పాటికే టీవీలో "తుదిశ్వాస విడిచారు", "కన్నుమూశారు", "అస్తమయం" అని వరసగా వస్తున్నాయి. అవన్నీ మర్యాద తెలిసిన మాటలే, వాటిని తప్పుపట్టను. కానీ "ఎలిపోనాడు" అన్నది ఇంట్లో మనిషి పోయినప్పుడు మా వైపు అనే మాట. అందులో గారూ లేదు, బిరుదూ లేదు. మావయ్య తన అన్నయ్య పోయినప్పుడు కూడా నాకు ఫోన్ చేసి సరిగ్గా అదే మాట అన్నాడు.

తొమ్మిదింటికల్లా వాళ్లింటికి వెళ్లాను. ఎప్పటిదో వారపత్రిక మధ్యపేజీ, కృష్ణగారు విల్లు పట్టుకున్న అల్లూరి వేషం, అట్టకి అంటించి కుర్చీలో నిలబెట్టాడు. బంతిపూల దండ అప్పటికే వేశాడు. అత్తయ్యని దేవుడి గదిలోంచి హారతి పళ్లెం తెమ్మన్నాడు. ఆ పళ్లెం గురించి చెప్పాలి. ఇత్తడిది, అంచు ఒకచోట సొట్టపోయింది, మధ్యలో అర్ధరూపాయి బిళ్లంత నల్లమచ్చ. చింతపండు పెట్టి ఎంత తోమినా ఆ మచ్చ పోదు. 1974 మే 1న "అల్లూరి సీతారామరాజు" విడుదలైన రోజు, పదిహేడేళ్ల మావయ్య వాళ్లమ్మకి చెప్పకుండా ఆ పళ్లెం చొక్కాలో దాచి థియేటర్‌కి పట్టుకుపోయాడు. కటౌట్ ముందు నిలబడి గుప్పెడు కర్పూరం ఒకేసారి వెలిగించి హారతిచ్చాడు. ఆ మచ్చ ఆనాటిదే. చింతపల్లి అడవుల్లో తీసిన సినిమా, మన జిల్లా పాండ్రంగిలో పుట్టినవాడి కథ. ఆ రోజు థియేటర్ దగ్గర ఊరు ఊరంతా ఉన్నట్టుండేదని ఇప్పటికీ చెప్తాడు.

అత్తయ్య పళ్లెం తేలేదు. "పోయిన మనిషికి హారతేటండీ? దీపం ఎట్టండి, సాలు" అంది. మావయ్యకి కోపం వచ్చింది, తర్వాత ఏడుపు వచ్చింది. చివరికి దీపమే పెట్టారు.

ఆచారం ప్రకారం అత్తయ్య మాటే నిజం. హారతి మంగళానికి. పెళ్లికూతురికి ఇస్తాం, పురిటి నుంచి వచ్చిన బాలింతకి ఇస్తాం, ఊరి నుంచి గెలిచి వచ్చినవాడికి గుమ్మంలో ఇస్తాం. చావు ఇంట్లో ఇవ్వం. మర్నాడు పేపర్ తెరిస్తే మాత్రం ప్రతి పేజీలోనూ "నివాళి", "కన్నీటి నివాళి", "ఘన నివాళి". పాత నిఘంటువుల్లో నివాళికి అర్థం చూస్తే, అత్తయ్య వద్దన్న ఆ హారతే! బ్రౌన్ చూసినా, శబ్దరత్నాకరం చూసినా నివాళి అంటే నీరాజనమే. నివాళించడమంటే దీపాన్ని మనిషి ముందో దేవుడి ముందో తిప్పడం. చావుతో దానికి సంబంధమే లేదు.

కన్నడం తెలిసినవాళ్లు ఈ సంగతి ఇంకా బాగా పట్టుకుంటారు. వాళ్లు ఇప్పటికీ "నివాళిసు" అంటారు. మనిషి తల చుట్టూ ఏదైనా తిప్పి దిష్టి తీయడం అని అర్థం. ఉప్పూ మిరపకాయలూ తిప్పి మన అమ్మలు చేసే పనే. అంటే ఈ మాట మూలంలో ఉన్నది "నీకేమీ కాకూడదు" అన్న కోరిక. మనం ఎంతో ఇష్టపడేవాడు కళ్లెదుట ఉన్నప్పుడు, వాడి చుట్టూ వెలుగు తిప్పి కీడంతా మనవైపు లాక్కోవడం. మావయ్య 1974లో చేసింది అచ్చంగా అదే, ఆ మాట తెలియకపోయినా.

నివాళి ఒక్కటే ఇలా దారి మళ్లలేదు. వర్ధంతి చూడండి. అందులో ఉన్నది వృధ్ ధాతువు. వృద్ధి, వర్ధిల్లు అన్నవి దాని చుట్టాలే. మైసూరు వైపు వర్ధంతి అంటే పుట్టినరోజు. ఆషాఢంలో చాముండేశ్వరి అమ్మవారి వర్ధంతి అంటే అక్కడ జన్మదినోత్సవమే. మనకి మాత్రం వర్ధంతి అంటే పోయినరోజు. పుట్టినరోజుకి జయంతి మిగిలింది. కర్ణాటక నుంచి వచ్చి స్టీల్‌ప్లాంట్‌లో పనిచేసిన మిత్రుడొకాయన ఇక్కడ గోడమీద "వర్ధంతి" అని చూసి ఎవరి పుట్టినరోజని నన్ను అడిగాడు. చెప్పాక చాలాసేపు ఆ బొమ్మవైపే చూస్తూ ఉండిపోయాడు.

ఇంకో మాట కూడా ఆ రెండు రోజుల్లోనే నన్ను ఆపింది. 16న కృష్ణగారి అంత్యక్రియలు జూబ్లీహిల్స్ మహాప్రస్థానంలో ప్రభుత్వ లాంఛనాలతో జరిగాయి. టీవీలో ఆ పేరు విన్నప్పుడల్లా మన విశాఖలో పుట్టిన శ్రీశ్రీ గుర్తొచ్చారు. భారతంలో మహాప్రస్థానం అంటే పాండవుల చివరి నడక, తిరిగిరాని ప్రయాణం. శ్రీశ్రీ ఆ మాటని తీసుకుని ముందుకు కదలమనే పిలుపుగా మార్చేశారు. 1950లో ఆ పేరుతోనే ఆయన పుస్తకం వచ్చాక కుర్రకారుకి ఆ మాట వింటే నడక వేగం పెరిగేది. ఇప్పుడది శ్మశానం పేరై మళ్లీ తన పాత అర్థానికి చేరింది. పైగా అల్లూరి సినిమాలో కృష్ణగారి మీద తీసిన పాటకే శ్రీశ్రీకి జాతీయ పురస్కారం వచ్చింది. ఆ పాట రాసినాయన పుస్తకం పేరున్న చోటే ఆ పాటలో నడిచినాయన చివరి మజిలీ. దీనికి నేనేమీ అర్థం కట్టడం లేదు. తట్టుకోలేకపోయాను, అంతే.

ఇంతకీ నివాళి తప్పా? కాదనే నా అభిప్రాయం. పోయినవాళ్ల పటం ముందు దీపం పెడుతున్నాం, పువ్వులు పెడుతున్నాం, నిలబడి చూస్తున్నాం. దీపమూ, నిలబడి చూడటమూ రెండూ నివాళిలోవే. తిప్పడం ఒక్కటే ఆగింది. శ్రద్ధాంజలి కూడా మంచి మాటే, కానీ అంజలి అంటే దోసిలి, అందులో వెలుగు లేదు. నటుడికి వెలుగున్న మాటే బావుంటుందని నాకు గట్టిగా అనిపిస్తుంది. జీవితమంతా మనం ఆయన్ని చీకట్లో కూర్చుని వెలుగులోనే చూశాం కదా. నాకు నచ్చనిది "ఘన నివాళి". కర్పూరం బిళ్లంత మంటకి ఘనం ఎందుకు? ఊరికే "నివాళి" అంటే చాలు.

కృష్ణగారే చేసిన ఒక పని చెప్తాను. "అల్లూరి సీతారామరాజు" ఆయన నూరో సినిమా. షూటింగ్ మధ్యలో దర్శకుడు వి. రామచంద్రరావుగారు చనిపోయారు. మిగతా సినిమాకి కృష్ణగారే దర్శకత్వం వహించారు. పోరాట సన్నివేశాలు కె.ఎస్.ఆర్. దాస్ తీశారు. అయినా తెరమీద దర్శకుడిగా రామచంద్రరావుగారి పేరే వేశారు. దాన్ని నివాళి అనకపోతే దేన్నంటాం? అక్కడ దండా లేదు, ఉపన్యాసమూ లేదు. పోయిన మనిషి పేరుని వెలుగు పడే చోట ఉంచారు.

మావయ్యకి ఈ పాత అర్థం చెప్పాను. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత అత్తయ్యని పిలిచి "చూసినావా, పేపరోళ్లంతా హారతే ఇచ్చీసినారు" అన్నాడు. అత్తయ్య ఏమీ మాట్లాడకుండా పళ్లెం తెచ్చి పటం ముందు పెట్టింది. కర్పూరం బిళ్ల ఒకటి ఆ నల్లమచ్చ మీద పెట్టింది, వెలిగించలేదు. నాలుగు రోజుల తర్వాత వెళ్తే బిళ్ల లేదు. గదిలో వాసన మాత్రం ఉంది.

విజయనగరం, శ్రీకాకుళం వైపు పెళ్లి పాటల్లో, మంగళహారతుల్లో "నివాళి" పాత అర్థంలో ఇంకా పాడుతున్నారా? మీ అమ్మమ్మలూ నానమ్మల దగ్గర విని ఉంటే ఆ పంక్తి వాళ్లు పలికినట్టే కింద రాయండి. సరిదిద్దకుండా రాయండి, దయచేసి.