జర్మనీలో కొత్త ల్యాబ్, యాంటీబాడీని నాకౌట్‌తో చెక్ చేయమన్నారు, హెల్ప్ కావాలి

అన్నలూ అక్కలూ నమస్తే, మాది తార్నాక, హైడల్‌బర్గ్ వచ్చి వారమైంది. మా సార్ ఒక యాంటీబాడీ (ఒక ప్రోటీన్‌కి అతుక్కుని దాన్ని చూపించేది) ఇచ్చి, నాకౌట్ సెల్స్ (ఆ ప్రోటీన్ జీన్ తీసేసిన కణాలు) మీద చూశాకే వాడమన్నారు. హైదరాబాద్‌లో మా ల్యాబ్‌లో బ్లాట్‌లో (ప్రోటీన్లని సైజు ప్రకారం విడదీసి యాంటీబాడీతో చూసే టెస్ట్) బ్యాండ్, అంటే గీత, కరెక్ట్ సైజులో వస్తే చాలనుకునేవాళ్ళం. ఎలా మొదలెట్టాలి?

మ్యూనిక్ నుంచి:
చెల్లెమ్మా, సైజుని అస్సలు నమ్మకు, అదే సైజులో వేరే ప్రోటీన్ ఉండొచ్చు. ముందు నీ ప్రోటీన్ బాగా ఉండే సెల్ లైన్ వెతుక్కో, డెప్‌మ్యాప్ అనే ఆన్‌లైన్ డేటాబేస్‌లో ఆర్ఎన్ఏ లెవెల్స్ ఉంటాయి. ఆ లైన్‌లోనే జీన్ తీసేసిన నాకౌట్, పక్క లేన్‌లో దాని పేరెంట్ (జీన్ తీయని అసలు కణాలు), రెండూ ఒకే బ్లాట్‌లో రన్ చెయ్. పేరెంట్‌లో కనిపించిన బ్యాండ్ నాకౌట్‌లో పోవాలి. నాకు జరిగింది చెప్తా విను, వచ్చిన కొత్తలో ఒక పాలీక్లోనల్ యాంటీబాడీతో ఎనిమిది నెలలు పనిచేశా, పేపర్లలో అందరూ వాడిందే కదా అని, తీరా నాకౌట్ సెల్స్ తెప్పించి చూస్తే బ్యాండ్ ఎక్కడిదక్కడే ఉంది, ఆ రాత్రి ఇంటికి పోలేకపోయా. కంపెనీకి రాస్తే లాట్ నంబర్ అన్నారు, ఫోటోలన్నారు, పాజిటివ్ కంట్రోల్ అన్నారు, అన్నీ పంపాక గడువు దాటిందన్నారు. మా పర్చేజ్ ఆఫీసులో అడిగితే తీసుకున్నట్టు సంతకం పెట్టింది నువ్వే కదా అన్నారు. అందుకే వయల్ వచ్చిన వారంలోనే టెస్ట్ చేసెయ్, లాట్ నంబర్ రాసి పెట్టుకో.

హబ్సిగూడ నుంచి (తొమ్మిదేళ్ళు జర్మనీలో ఉండి తిరిగొచ్చా):
నాకౌట్ లైన్ కొనాలంటే ఖర్చు మ్యూనిక్ తమ్ముడూ, సైఆర్ఎన్ఏతో (జీన్‌ని ఉంచి, దాని ప్రోటీన్ తయారీని తగ్గించే చిన్న ఆర్ఎన్ఏ) తగ్గించి చూసినా చాలు.

మ్యూనిక్:
ఒప్పుకోను గురువు గారూ. సైఆర్ఎన్ఏలో ప్రోటీన్ ఎంతో కొంత మిగులుతుంది, ఆ మిగిలిన బ్యాండ్ దానిదో వేరేదో ఎలా తేలుతుంది? ఆ జీన్ లేకపోతే కణమే బతకదు అన్నప్పుడు మాత్రం మీ దారే.

హబ్సిగూడ:
నాకౌట్ కూడా మోసం చేస్తుంది. క్రిస్పర్‌తో (జీన్‌ని కోసే పద్ధతి) కోసిన ఎక్సాన్‌ని, అంటే జీన్‌లోని ఆ ముక్కని, వదిలేసి కణం ముక్క ప్రోటీన్ చేసిందనుకో, ఎపిటోప్ (యాంటీబాడీ అతుక్కునే చోటు) అందులో ఉంటే బ్యాండ్ వస్తుంది, మంచి యాంటీబాడీని పారేస్తారు. ఎక్కడ కోశారో, ఎపిటోప్ ఎక్కడుందో రెండూ చూడాలి.

బెర్లిన్ అక్క:
మీ ఇద్దరూ బ్లాట్ దగ్గరే ఆగిపోయారు. బ్లాట్‌లో పాసైంది ఇమ్యునోఫ్లోరెసెన్స్‌లో (కణాల్లో ప్రోటీన్‌ని మెరిసే రంగుతో మైక్రోస్కోప్ కింద చూడటం) పాసవ్వాలని లేదు, దానికి వేరే టెస్ట్. పేరెంట్ కణాలకి ఒక రంగు, నాకౌట్‌కి ఇంకో రంగు వేసి ఒకే కవర్‌స్లిప్ (పల్చటి గాజు పలక) మీద కలిపి పెంచమ్మా, ఒకే ఫోటోలో తేడా తెలిసిపోతుంది. 2023లో మాంట్రియల్‌లో యాంటీబాడీలని టెస్ట్ చేసే వైకారోస్ (YCharOS) గ్రూపు వాళ్ళు 65 ప్రోటీన్లకి 614 యాంటీబాడీలు ఇలాగే నాకౌట్‌తో చూశారు, టార్గెట్‌ని పట్టని యాంటీబాడీలతో ఒక్కో ప్రోటీన్‌కి సగటున 12 పేపర్లు వచ్చేశాయట. నీ ప్రోటీన్ వాళ్ళ రిపోర్టుల్లో ఉందేమో ముందు చూడు. అడగలేదు గానీ, ఇంట్లో దిగిన రెండు వారాల్లో అడ్రస్ రిజిస్టర్ చేయించుకో, డిపాజిట్ మూడు నెలల అద్దెకి మించి ఇవ్వకు, అదీ హీటింగ్ కలపని అద్దె.

తార్నాక అమ్మాయి:
అందరికీ చాలా థాంక్స్. మా సెల్ బ్యాంక్‌లో హ్యాప్1 అనే సెల్ లైన్ నాకౌట్, పేరెంట్ రెండూ ఉన్నాయట. సోమవారం బ్లాట్ వేస్తున్నా, గైడ్ ఆర్ఎన్ఏ (క్రిస్పర్‌కి ఎక్కడ కోయాలో చూపించేది) ఏ ఎక్సాన్ మీదో ఇవాళే అడుగుతా. అడ్రస్ పని రేపు పొద్దున్నే.