మధురవాడ నుంచి కూర్మన్నపాలెం దాకా రోడ్డు ఒకటే, స్పీడ్ లిమిట్ ఎంత?

మధురవాడ నుంచి అడిగింది:
అందరికీ నమస్కారం. కారు కొని మూడు నెలలైంది. రోజూ విశాఖలో మధురవాడ నుంచి కూర్మన్నపాలెం డ్యూటీకి వెళ్లొస్తాను. మొన్న ఓవర్ స్పీడ్ చలానా మెసేజ్ వచ్చింది. తెరిచి చూస్తే నా కారు వెనకభాగం, పక్కన సగం బస్టాప్, కింద 74 అని ఉంది. మా మావయ్యేమో "అది నేషనల్ హైవే, కారుకి వంద దాకా పర్మిషన్ ఉంది, డబ్బు కట్టొద్దు" అంటున్నారు. ఆఫీసులో ఇంకొకాయన సిటీలో నలభై దాటకూడదంటాడు. ఇద్దరూ గట్టిగానే చెబుతున్నారు. ఎవరి మాట వినాలి?

గాజువాక:
ఆ దారిలో హనుమంతవాక దగ్గర వందా? మావయ్యగారిని సాయంత్రం ఆరింటికి ఓసారి అటు తీసుకెళ్లండి. ఇరవై దాటితే ఆ చలానా నేనే కడతా.

సీతమ్మధార (డ్రైవింగ్ నేర్పేవాణ్ని):
నవ్వులకేం గానీ, మావయ్యగారి వంద గాల్లోంచి ఊడిపడింది కాదండీ. 2018 ఏప్రిల్‌లో కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్‌లో ఆ అంకె ఉంది. మధ్యలో డివైడర్ ఉండి, నాలుగు లేన్లు, ఆపైన ఉన్న రోడ్డు మీద కారుకి 100. పూర్తి ఎక్స్‌ప్రెస్‌వే అయితే 120. అయితే అదే కాగితంలో మునిసిపల్ హద్దుల్లోని రోడ్లకు వేరే వరస ఉంది. అక్కడ కారుకి 70, బైక్‌కి 60, ఆటోకి 50. మన పదహారో నంబర్ హైవేకి నాలుగు లేన్లూ ఉన్నాయి, డివైడరూ ఉంది, కానీ అది పోయేది జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) కడుపులోంచి. మద్దిలపాలెం, తాటిచెట్లపాలెం, ఎన్ఏడీ మీదుగా పోతూ హైవే లెక్క చెబితే ఎలా?

ఇంకో మాట. ఈ అంకెలన్నీ పైకప్పు లాంటివి. దీనికంటే ఎక్కువ వద్దని కేంద్రం చెప్పింది, అంతే. మోటారు వాహనాల చట్టం 112వ సెక్షన్ ప్రకారం, రోడ్డు తీరునుబట్టి, జనం భద్రతనుబట్టి ఇంకా తగ్గించే అధికారం రాష్ట్రానికి ఉంది. తగ్గిస్తే బోర్డు పెట్టాలి. కాబట్టి ఎర్ర గుండ్రం లోపల 40 అని ఉంటే మీ ఆఫీసాయన మాటే రైటు. కానీ ఆ బోర్డు ఉన్న చోట మాత్రమే, ఊరంతా కాదు. నీలం గుండ్రంలో అంకె కనబడితే మాత్రం కంగారుపడకండి, అది కనీస వేగం. మా దగ్గర నేర్చుకునేవాళ్లలో సగం మంది ఇక్కడే తడబడతారు.

మీరు చేయాల్సింది ఒకటే. ఆ ఫోటోలోని బస్టాప్‌కి మళ్లీ వెళ్లి, అక్కడికి అర కిలోమీటరు వెనక నుంచి ఎడమ లేన్‌లో నెమ్మదిగా రండి. బోర్డు ఉందేమో చూడండి. అసలు బోర్డే లేకపోయినా 74 అంటే 70 దాటినట్టే లెండి.

భీమిలి రోడ్డు:
చలానా సంగతి కాదు గానీ, ఒక చిన్న సందేహం. బైక్‌కి బీచ్ రోడ్డులో ఎంత, సింహాచలం కొండ మీద ఎంత? మా అబ్బాయికి కొత్తగా లైసెన్స్ వచ్చింది, టెన్షన్‌గా ఉంది.

సీతమ్మధార:
అమ్మా, బైక్‌కి ఊళ్లో 60 అన్నది రూలు. మీ అబ్బాయికి మాత్రం నేను ఇంకో లెక్క చెబుతాను. 60లో ఉన్న బండి సెకనుకి దాదాపు 17 మీటర్లు పోతుంది. ఎదురుగా ఏదో వచ్చిందని గ్రహించి బ్రేక్ మీద చెయ్యి వేసేసరికే సెకనున్నర అయిపోతుంది. అంటే 25 మీటర్లు ఉత్తినే పోయినట్టు. ఆపైన పొడి రోడ్డు మీద బండి ఆగడానికి ఇంకో 20. అదే 40లో ఉంటే మొత్తం 26 మీటర్లలో ఆగిపోతుంది. తేడా దగ్గర దగ్గర బస్సున్నర పొడవు. బీచ్ రోడ్డులో రుషికొండ మలుపుల్లో టూరిస్టులు ఫోన్ చూసుకుంటూ అడ్డం వచ్చేస్తారు, రోడ్డు మీద ఇసుక కూడా ఉంటుంది. అక్కడ ఆ బస్సున్నరే కావాలి.

కొండ మీద బండికి స్పీడ్ కంటే గేర్ ముఖ్యం. దిగేటప్పుడు న్యూట్రల్‌లో వదిలేసి బ్రేక్ పట్టుకుని రావడం చాలామందికి అలవాటు. పెట్రోల్ మిగులుతుందని నమ్మకం! బ్రేకులు వేడెక్కి సరిగ్గా పట్టవు. రెండో గేర్‌లో దింపమనండి. ఇరుకు చోట ఎదురుపడితే దిగే బండి పక్కకి ఆగి ఎక్కే బండికి దారివ్వాలి. అది మర్యాద కాదు, రూలే. అరకు ఘాట్‌లోనూ ఇంతే.

మల్కాపురం (ట్యాంకర్ డ్రైవర్):
మాకు ఈ గొడవే లేదన్నా. ట్యాంకర్, టిప్పర్, స్కూల్ బస్సులకి స్పీడ్ గవర్నర్ (వేగం దాటనివ్వని పరికరం) అరవైకి కట్టేసుంటుంది. ఆనందపురం, సబ్బవరం, అనకాపల్లి బైపాస్ ఎంత ఖాళీగా ఉన్నా అరవయ్యే. వెనక కారువాళ్లు లైట్లు కొట్టి చంపుతారు. లైట్లు కొడితే గవర్నర్ ఊడిపోదు కదా!

అక్కయ్యపాలెం:
కెమెరా చలానాల గురించి ఒకటి కలుపుతాను. 2021లో కేంద్రం తెచ్చిన 167ఏ నిబంధన ప్రకారం, తప్పు జరిగిన పదిహేను రోజుల్లోపు నోటీసు పంపాలి. ఫోటో, కొలిచిన వేగం, తేదీ, సమయం, చోటు అన్నీ ఉండాలి. కెమెరా ఉన్న స్ట్రెచ్‌కి ముందు హెచ్చరిక బోర్డు పెట్టాలి. మొదట ఫోటోలోని నంబర్ ప్లేట్ మీదేనా, కారు రంగు మీదేనా చూసుకోండి. తేడా ఉంటే ఆన్‌లైన్‌లోనే ఫిర్యాదు పెట్టొచ్చు. తేడా లేకపోతే కట్టేయండి. చట్టంలో కారుకి ఈ తప్పుకి వెయ్యి నుంచి రెండు వేలు, కానీ మళ్లీ దొరికితే లైసెన్సు దాకా వెళ్తుంది.

మధురవాడ:
ఆదివారం పొద్దున్నే మావయ్యని పక్కన కూర్చోబెట్టుకుని వెళ్లొచ్చాను. బస్టాప్‌కి ముందే బోర్డు ఉంది, 60. వేపకొమ్మ కొంచెం అడ్డం ఉంది గానీ, అంకె కనబడుతూనే ఉంది. తేదీ, నంబర్ అన్నీ సరిగ్గానే ఉన్నాయి. వెయ్యి కట్టేశాను. మావయ్య ఇంటికొచ్చేదాకా ఏం మాట్లాడలేదు. కాఫీ తాగాక మాత్రం "ఆ బోర్డు ఈ మధ్యే పెట్టుంటారు" అన్నారు. దాని కడ్డీకి సగం దాకా తుప్పు పట్టి ఉంది.