కడప నుంచి గండికోటకు లారీల రద్దీ తప్పించుకుని పెన్నేటి వెంట సైకిల్ ప్రయాణం: దారి చెప్పగలరా?

కడప అయ్యవారు (ప్రశ్న):

సభ్యులందరికీ నమస్కారం. నేను కడపలో ఉపాధ్యాయుణ్ణి. ఇంటర్మీడియట్ చదువుతున్న మా అమ్మాయి, నేను రెండేళ్లుగా ప్రతి ఆదివారం 40, 50 కిలోమీటర్లు సైకిల్ తొక్కుతున్నాము. ఈ సంక్రాంతి సెలవుల్లో సామాను సైకిళ్ల మీదే కట్టుకుని, మూడు రోజుల్లో పెన్నానదికి ఎగువగా గండికోట దాకా వెళ్లి రావాలని సంకల్పించాము. జర్మనీలోని పాసౌ పట్టణం నుంచి ఆస్ట్రియా రాజధాని వియన్నా వరకు డాన్యూబ్ నది వెంట 300 కిలోమీటర్లకు పైగా సైకిల్ బాట ఉన్నదనీ, అందులో చాలా భాగం ఒకప్పుడు గుర్రాలు పడవలను ఏటికి ఎదురు లాగుతూ నడిచిన గట్టేననీ చదివిన నాటి నుంచి, "మన పెన్నేటికి అలాంటి దారి ఎందుకు లేదు నాన్నా?" అని మా అమ్మాయి అడుగుతూనే ఉన్నది.

మా భయమంతా లారీల గురించే. కిందటి నెల ఎర్రగుంట్ల వైపు వెళ్లినప్పుడు నాపరాళ్లు వేసుకుని పోతున్న లారీ ఒకటి అమ్మాయి మోచేతికి జానెడు దూరంలో దాటిపోయింది. ఆ రోజు ఇంటికి తిరిగి వచ్చేదాకా నా గుండెదడ తగ్గలేదు. దూరం ఎక్కువైనా ఫరవాలేదు, ఎత్తు ఎక్కవలసి వచ్చినా ఫరవాలేదు, వాహనాలు తక్కువగా తిరిగే దారి కావాలి. ఆ దారి తెలిసినవారు దయచేసి వివరంగా రాయగలరు.

జమ్మలమడుగు వాసి:

సార్, ముందుగా ఒక మాట. కమలాపురం, ఎర్రగుంట్ల, ముద్దనూరు మీదుగా పోయే దారి పటంలో సూటిగా కనిపించినా దాన్ని పూర్తిగా మరచిపోండి. ఆ ప్రాంతమంతా సున్నపురాయి నేల కనుక సిమెంటు కర్మాగారాలు, నాపరాతి గనులు అక్కడే చేరాయి, వాటి లారీలు పగలూ రాత్రీ ఆ రోడ్ల మీదనే తిరుగుతాయి. మీరు చెన్నూరు దగ్గర పెన్న దాటి ఖాజీపేట, చాపాడు మీదుగా ప్రొద్దుటూరు చేరండి. జాతీయ రహదారి వెంట నడవవలసిన కొద్ది దూరాన్ని తెల్లవారుజామునే ముగించుకుని, తక్కినదంతా పల్లెల మధ్య సాగే చిన్న రోడ్ల మీద పోవచ్చు. మొదటి రాత్రి ప్రొద్దుటూరులో ఉండండి, బసకు, భోజనానికి అక్కడ ఏ లోటూ ఉండదు.

రెండో రోజు ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగు దాకా బస్సులు, ఆటోలు తప్పవు. వెలుగు రాగానే బయలుదేరితే ఎండ ముదరక ముందే ఆ భాగం పూర్తవుతుంది. అక్కడి నుంచి గండికోట సుమారు 15 కిలోమీటర్లు. మైలవరం జలాశయం ప్రాంతం దాటాక నేల క్రమంగా ఎర్రమల కొండల మీదికి లేస్తుంది. నిటారైన ఘాట్ కాదు గాని, సామానుతో ఉన్నవారికి ఎండలో అది చాలా పెద్దదిగా అనిపిస్తుంది. జమ్మలమడుగులో మధ్యాహ్నం విశ్రమించి, మూడు దాటాక ఎక్కండి. పండుగ రోజుల్లో ఈ దారిలో పర్యాటకుల కార్లు పెరుగుతాయి. వారిలో చాలామంది సూర్యాస్తమయం చూసి చీకటి పడ్డాక ఒకేసారి కిందికి దిగుతారు కాబట్టి, ఆ వేళకు మీరు కోటలో ఉండడం మంచిది. పర్యాటక శాఖ వసతి గృహంలో గది ముందుగానే మాట్లాడుకోండి.

మాధవరాయస్వామి గుడి, జామియా మసీదు, ధాన్యాగారం సాయంత్రం చూసి, లోయను మాత్రం తెల్లవారాక చూడండి. ఎర్రటి రాతిబండలు పేర్చినట్లున్న ఆ గోడల మధ్య పెన్న వంపు తిరిగే చోటు ఉదయపు ఎండలో కనిపించినంత స్పష్టంగా మరెప్పుడూ కనిపించదు. అంచున కంచె లేదు, అమ్మాయిని జాగ్రత్తగా చూసుకోండి. కొత్తదారి చూద్దామని కొండాపురం వైపు తిరుగు ప్రయాణం పెట్టుకోవద్దు. గండికోట జలాశయం నింపినప్పుడు తాళ్లప్రొద్దుటూరు వంటి ఊళ్లు మునిగిపోయాయి, ఆ వైపు పాత రోడ్లు కొన్ని నేరుగా నీటిలోకి దిగి ఆగిపోతాయి.

పాత లస్కరు:

అయ్యవారికి నమస్కారం. నేను కాలువల మీద లస్కరుగా, అంటే నీళ్లు వదిలే, గట్లు చూసుకునే పనివాడిగా పని చేసి విరమించినవాణ్ణి. పాప అడిగిన ప్రశ్నకు నేను జవాబు చెప్పాలనుకుంటున్నాను. అలాంటి దారి మనకు ఉన్నది తల్లీ, దాన్ని మనం కె.సి. కెనాల్ (కర్నూలు-కడప కాలువ) గట్టు అని పిలుస్తున్నాము.

కర్నూలుకు ఎగువన తుంగభద్ర మీది సుంకేసుల దగ్గర మొదలై కడప దాకా వచ్చే ఈ కాలువను 1863, 1870 మధ్య ఒక ఆంగ్లేయ కంపెనీ తవ్వించింది, 1882లో ప్రభుత్వం దాన్ని కొనుగోలు చేసింది. దీన్ని పొలాలకు నీళ్లివ్వడానికే కాక పడవలు నడపడానికి కూడా కట్టారు, 1933 దాకా ఇందులో రవాణా సాగింది. డాన్యూబ్ ఒడ్డున గుర్రాలు నడిచిన గట్టుకూ, మన కాలువ గట్టుకూ ఉన్న బంధుత్వం ఇదే. నీళ్లు ఉరవడి లేకుండా పారాలంటే కాలువకు కిలోమీటరుకు జానెడుకు అటూఇటూగా మాత్రమే వాలు ఇస్తారు, అంతకంటే నేల పల్లమైతే డ్రాపు, అంటే మెట్టులాంటి గోడ, కట్టి నీళ్లను దింపుతారు. అందుచేత కాలువ కొండను ఎక్కదు, దాని పాదం పట్టుకుని చుట్టి వస్తుంది. గట్టు మీద తొక్కేవారికి చుట్టూ కొండలు కనిపిస్తూనే ఉంటాయి గాని, మోకాళ్లకు ఆ కొండలు తగలవు. కొండల నడుమ సైకిల్ మీద పోవాలనుకునేవారికి నదీతీరపు రోడ్డు కంటే కాలువ గట్టు మేలని నేను అందుకే నమ్ముతాను. నదిని అంటిపెట్టుకున్న రోడ్డు ప్రతి వంక దగ్గరా దిగి ఎక్కుతుంది.

మీరు మొదటి రోజు వల్లూరు మండలంలోని ఆదినిమ్మాయపల్లె ఆనకట్ట చూడండి. పెన్న నీళ్లను కడప వైపు ఆయకట్టుకు మళ్లించేది అదే. దగ్గరలోనే పుష్పగిరి ఉన్నది, అక్కడ ఏటికి రెండు వైపులా గుళ్లున్నాయి, మధ్యాహ్నం కూర్చోవడానికి అంతకంటే చల్లని తావు దొరకదు. తరువాత ఖాజీపేట, చాపాడు ప్రాంతంలో కాలువలు, పిల్లకాలువలు ఎన్నో తగులుతాయి. గట్టు మీద గరుసు తోలిన చోట హాయిగా పోవచ్చు. గరుసు లేని చోట అది కుందూ లోయ నల్లరేగడి, నాలుగు చినుకులు పడితే చాలు, చక్రానికి, మడ్‌గార్డుకు మధ్య ముద్దగా పట్టి సైకిల్‌ను కదలనివ్వదు. వాన పడితే రెండు రోజులు గట్టు జోలికి పోకుండా తారు రోడ్డు పట్టుకోండి. తూముల దగ్గర గట్టు ఇరుకవుతుంది, కోతల కాలంలో రైతులు వడ్లు అక్కడే ఆరబోస్తారు. అలాంటి చోట దిగి నడిపించుకుని వెళ్లడం మర్యాద.

కడప అయ్యవారు:

పెద్దాయనా, మీ జవాబును అమ్మాయికి చదివి వినిపించాను. నాలుగేళ్లుగా ఆ కాలువ మీది వంతెన దాటి బడికి వెళ్లినా, అందులో పడవలు నడిచిన సంగతి మాకు తెలియదు. ఒక సందేహం మిగిలింది. మా సైకిళ్లకు 28 మిల్లీమీటర్ల టైర్లు ఉన్నాయి. గట్టు మీదికి అవి పనికి వస్తాయా?

కర్నూలు సైకిల్ మిత్రుడు:

పనికి రావు సార్. ఫ్రేములో చోటుంటే 38 మిల్లీమీటర్లకు మార్చండి, గాలి కూడా కొంచెం తక్కువగా పెట్టుకోండి. వెడల్పాటి టైరు తక్కువ గాలితో గులకరాళ్ల మీద ఒదిగి పోతుంది, సన్నటి టైరు ప్రతి రాయినీ ఎగిరి దిగుతుంది, చేతులు మొద్దుబారుతాయి. అయితే మన సీమలో రాళ్ల కంటే పెద్ద శత్రువు ముల్లు. సంక్రాంతి నాటికి పల్లేరుగాయలు ఎండి దారి పక్కన రాలి ఉంటాయి, గట్ల మీద కంపచెట్లు కొట్టిన చోట విరిగిన ముళ్లు మట్టిలో దాగి ఉంటాయి. నీడ కోసమో, ఫోటో కోసమో సైకిల్‌ను దారి దింపి పక్కన నిలిపినప్పుడే చాలా పంక్చర్లు అవుతాయి. ఆగిన ప్రతిసారీ సైకిల్‌ను ఎత్తి పెట్టండి, కదిలే ముందు చక్రం ఒక చుట్టు తిప్పి చేత్తో తడిమి చూడండి. ట్యూబులో పోసే సీలెంట్ ద్రవం చిన్న ముళ్ల రంధ్రాలను తనంతట తానే పూడ్చుతుంది. అది పోసుకున్నా తలా రెండు ట్యూబులు, గాలి పంపు, ముల్లు తీయడానికి చిన్న పట్టకారు తప్పక ఉండాలి. టైరులో విరిగిన మొనను తీయకుండా కొత్త ట్యూబు వేస్తే అది వంద గజాల్లోనే పోతుంది.

సామాను వీపున మోయకండి. వెనుక క్యారియర్‌కు రెండు వైపులా సంచులు కట్టి, బరువైనవి అడుగున పెడితే ఎత్తు ఎక్కేటప్పుడు సైకిల్ తూలదు. ఒక్కొక్కరికి మూడు లీటర్ల నీళ్లు అవసరం.

మరో సెలవు దొరికినప్పుడు కడప నుంచి తూర్పుగా సిద్ధవటం వెళ్లండి. పెన్న కొండలను చీల్చుకుని దిగే ఆ మలుపు, ఒడ్డున ఉన్న కోట, అక్కడి నుంచి ఒంటిమిట్ట రామాలయం ఒక్క రోజులో చూసి రావచ్చు. అంతరించిపోయిందని అనుకున్న కలివికోడి 1986లో తిరిగి కనిపించింది ఆ సిద్ధవటం పరిసరాల్లోని కంప అడవుల్లోనే. అది రాత్రిపూట తిరిగే పక్షి, నేల మీద బతికే పక్షి. కాబట్టి లంకమల అభయారణ్యం అంచున చీకటి పడ్డాక లైట్లు వేసుకుని అడవి బాటల్లోకి వెళ్లడం గాని, పొదల్లో గుడారం వేయడం గాని చేయవద్దని నా ప్రార్థన.

కడప అయ్యవారు:

అందరికీ కృతజ్ఞతలు. టైర్లు మార్పిస్తాను. మొదటి రోజు ఆనకట్ట, పుష్పగిరి, ప్రొద్దుటూరు. రెండో రోజు గండికోట. మూడో రోజు ఉదయం లోయ చూసి జమ్మలమడుగు దిగి, అక్కడ ట్రాలీ ఆటో మాట్లాడుకుని సైకిళ్లతో సహా కడప చేరుతాము. ఆదినిమ్మాయపల్లె ఆనకట్ట మీదుగానే ఏరు దాటి ఖాజీపేట వైపు వెళ్లాలని అమ్మాయి అంటున్నది. అది సాధ్యమేనా పెద్దాయనా?

పాత లస్కరు:

వద్దు అయ్యవారూ. ఆనకట్ట నీళ్లు నిలపడానికి కట్టిన గోడ, మనుషులు దాటడానికి కట్టింది కాదు. పైన పాచి పట్టి ఉంటుంది, ఎగువన వదిలిన నీరు ఎప్పుడు పొర్లుతుందో ఒడ్డున నిలిచినవారికి తెలియదు. 2021 నవంబరులో చెయ్యేటి మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగినప్పుడు నీళ్లు ఎంత వేగంగా వస్తాయో మన జిల్లా అంతా చూసింది. ఆనకట్టను ఒడ్డు నుంచే చూసి, వెనక్కి వచ్చి చెన్నూరు వంతెన మీదుగా ఏరు దాటండి. దూరం కొద్దిగా పెరిగినా సాయంత్రానికి ప్రొద్దుటూరు అందుతుంది.