హైస్కూల్ చదువు మొత్తం ఇంట్లోనే సాగించినవాళ్లు ఎవరైనా ఉన్నారా? లెక్కలు, ల్యాబు, పరీక్షలు ఎలా?

మొలక:

మా అమ్మాయికి 14 నిండాయి. ఐదో తరగతి తర్వాత బడి మానేసి ఇంట్లోనే చదువుకుంటోంది. ఇప్పటిదాకా హాయిగానే సాగింది కానీ తొమ్మిదో తరగతి పాఠాలు మొదలయ్యాక నాకు టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. వర్గ సమీకరణాలు ముందురోజు రాత్రి నేను నేర్చుకుని, పొద్దున తనకి చెప్తున్నా. మధ్యలో తను "ఎందుకలా?" అంటే నా దగ్గర జవాబు ఉండదు, తను విసుక్కుంటుంది, నేను అరుస్తాను. మొన్న "నువ్వు టీచర్‌లా మాట్లాడితే నాకు వినాలనిపించట్లేదమ్మా" అని పుస్తకం మూసేసి వెళ్లిపోయింది. ఆ మాట ఇంకా మనసులో తిరుగుతూనే ఉంది.

పొద్దున తొమ్మిది దాటితే గానీ లేవదు, దాని మీద రోజూ గొడవే. కెమిస్ట్రీ ప్రాక్టికల్స్ ఎక్కడ చేయించాలో, చివరికి ఏ పరీక్ష రాయించాలో తేల్చుకోలేకపోతున్నాం. మావారు మళ్లీ బడికి పంపిద్దాం అంటున్నారు, తనేమో వెళ్లనంటోంది. ఈ నాలుగేళ్లు దాటినవాళ్లు ఎలా దాటారో చెప్పండి.

రెండుదార్లు:

మా ఇద్దరు పిల్లలూ ఇంట్లోనే పన్నెండు దాకా చదివారండి. ముందు పరీక్ష సంగతి తేల్చుకోండి, మిగతావన్నీ దాన్ని బట్టే ఉంటాయి. మీరు ఏ దేశంలో ఉన్నారో రాయలేదు. జర్మనీలాంటి చోట పిల్లలు బడికి వెళ్లాల్సిందే, ఇంట్లో చదివిస్తామంటే చట్టం ఒప్పుకోదు, కాబట్టి మొదట మీ దగ్గర రూలు ఏమిటో చూడండి. ఇండియాలో అయితే ఎన్‌ఐఓఎస్ ఉంది, అంటే రోజూ బడికి వెళ్లకుండానే చదివి పరీక్ష రాసే ప్రభుత్వ ఓపెన్ స్కూల్ బోర్డు. పదో తరగతి స్థాయికి 14 ఏళ్లు నిండితే చాలు, కనీసం ఒక భాషతో కలిపి ఐదు సబ్జెక్టులు పాసవ్వాలి. ఏడాదికి రెండుసార్లు పరీక్షలు పెడతారు, ఒకసారి చేరితే ఐదేళ్లు గడువు ఉంటుంది, అంటే అన్నీ ఒకేసారి రాయక్కర్లేదు. మా పెద్దాడు మొదటిసారి రెండే రాశాడు. చిన్నదానికి కేంబ్రిడ్జ్ వాళ్ల పదో తరగతి స్థాయి పరీక్ష ఐజీసీఎస్ఈ తీసుకున్నాం. ప్రైవేటుగా రాయొచ్చు, కానీ మనల్ని రాయనిచ్చే సెంటర్‌ని మనమే వెతుక్కోవాలి. సైన్సులో ల్యాబుకి వెళ్లకుండా రాసే పేపర్ ఒకటి ఉంటుంది, ప్రయోగం గురించి కాగితం మీదే అడుగుతారు. ఆ పై 'ఏ లెవెల్' (పన్నెండో తరగతి స్థాయి) సైన్సుకి మాత్రం ల్యాబు తప్పదు. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో తల్లిదండ్రులే ట్రాన్‌స్క్రిప్ట్ (చదివిన సబ్జెక్టులు, మార్కుల పట్టిక) తయారుచేస్తారు, ఒక సబ్జెక్టుకి సుమారు 120 గంటల చదువుని ఒక క్రెడిట్‌గా లెక్కవేసుకునే పద్ధతి అక్కడ ఎప్పటినుంచో ఉంది.

ఎక్కడున్నా సరే, ఇవాళ్టి నుంచే రాసిపెట్టుకోండి: ఏ పుస్తకం, ఏ అధ్యాయం, ఎన్ని గంటలు, ఏం ప్రాజెక్టు. మేం పెద్దాడికి రెండేళ్లు ఏమీ రాయలేదు. కాలేజీకి అప్లై చేసేటప్పుడు పాత నోటుబుక్కులు ముందేసుకుని నెలన్నర కూర్చున్నాం. ఆ కష్టం మీకు వద్దు.

ఇక లెక్కలు. మీరు చెప్పడం ఆపేయండి. "నాకూ రాదు, నువ్వు చదివి నాకు చెప్పు" అనండి. వీడియో చూస్తుందో, పుస్తకం చదువుతుందో తన ఇష్టం. వారానికి రెండు రోజులు అరగంట తను బోర్డు దగ్గర నిలబడి మీకు వివరించాలి, అంతే. ఎక్కడ ఆగిపోతుందో అక్కడ అర్థం కాలేదన్నమాట. ఈ వయసులో మనం పాఠం చెప్పేవాళ్లం కాదండి, ఏం చదివారో రాసిపెట్టేవాళ్లం, వినేవాళ్లం. నాకది ఒంటబట్టడానికి ఏడాది పట్టింది, ఆ ఏడాదంతా ఇంట్లో రోజూ పోట్లాటే.

గడియారం:

ఆంటీ, నేను ఎనిమిది నుంచి పన్నెండు దాకా ఇంట్లోనే చదువుకున్నాను, ఇప్పుడు డిగ్రీ రెండో సంవత్సరం. నిద్ర విషయంలో తనని వదిలేయండి ప్లీజ్. ఈ వయసులో నిద్ర తెప్పించే మెలటోనిన్ రాత్రి ఆలస్యంగా విడుదలవుతుంది, టీనేజర్లకి 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని డాక్టర్లే చెప్తారు. బడి పిల్లలకి లేని సౌకర్యం మీ ఇంట్లో ఉంది కదా, దాన్ని ఎందుకు పోగొట్టుకోవడం? నేను పదింటికి మొదలుపెట్టేదాన్ని, కష్టమైనవి సాయంత్రం చదివేదాన్ని.

అందరూ ఫ్రెండ్స్ ఉండరేమో అని భయపెడతారు, నాకు ఆ లోటు అంతగా తెలియలేదు. నన్ను దెబ్బతీసింది టైము. ఇంట్లో ఒక లెక్కకి గంట పట్టినా అడిగేవాళ్లు లేరు. మొదటిసారి మూడు గంటల పరీక్ష రాసినప్పుడు చెయ్యి నొప్పెట్టింది, వచ్చిన ప్రశ్నలే రెండు వదిలేసి బయటికొచ్చి ఏడ్చాను. ఇప్పటినుంచే నెలకొకటి టైము పెట్టి రాయించండి, అదీ ఇంట్లో కాకుండా తెలిసినవాళ్ల ఇంట్లోనో లైబ్రరీలోనో. పేపర్ మీరు దిద్దొద్దు, ఇంకెవరికైనా ఇవ్వండి. అమ్మ వేసిన మార్కు మీద నాకైతే ఎప్పుడూ కోపమే వచ్చేది.

పిప్పెట్:

సైన్సు టీచర్‌ని, ఇంట్లో చదివే పిల్లలు ముగ్గురు నా దగ్గరికి వస్తున్నారు. లెక్కలు పూర్తిగా పిల్ల మీద వదిలేయమన్న మాటతో నేను ఏకీభవించను. నా దగ్గరికి పదకొండులో వచ్చేవాళ్లు కాలిక్యులస్‌లో తడబడుతుంటే, తీరా చూస్తే తప్పు భిన్నాల దగ్గరో, బ్రాకెట్ విప్పేటప్పుడు గుర్తు మార్చడం దగ్గరో ఉంటోంది. ఆ లోటు తొమ్మిదిలో కనపడదు, అప్పుడే పట్టుకోవాలి. బోర్డు పద్ధతి మంచిదే, దాంతోపాటు వారానికి ఒక్క గంటైనా లెక్కలు బాగా వచ్చినవాళ్లు తన నోటుబుక్కు చూడాలి.

ప్రాక్టికల్స్‌కి ముందు పెద్ద సామాను అక్కర్లేదు. మీటరు దారానికి బరువు కట్టి ఊపితే ఒక డోలనానికి, అంటే అటు వెళ్లి తిరిగి రావడానికి, దాదాపు రెండు సెకన్లు పడుతుంది. ఒక్కటి కొలిస్తే వాచీ నొక్కడంలోనే తేడా వచ్చేస్తుంది, ఇరవై కొలిచి భాగిస్తే ఆ తేడా తగ్గిపోతుంది. దారం పొడవు మార్చుకుంటూ నాలుగైదుసార్లు చేసి, ఒక డోలనానికి పట్టిన టైముకి వర్గం వేసి, దారం పొడవుతో గ్రాఫ్ గీస్తే సరళరేఖ వస్తుంది, దాన్నుంచి గురుత్వ త్వరణం తనే కనుక్కోగలదు. ఆ ఒక్క ప్రయోగంలో కొలత, దోషం, గ్రాఫ్ అన్నీ ఉన్నాయి. రీడింగ్ పెన్నుతోనే రాయించండి. తప్పయితే గీత కొట్టి పక్కన రాయాలి గానీ చెరపకూడదు. గాఢ ఆమ్లాలు మాత్రం ఇంట్లోకి తేవద్దు. టైట్రేషన్ (ఒక ద్రావణాన్ని చుక్కచుక్కగా కలిపి ఇంకోదాని గాఢత కనుక్కోవడం) లాంటివాటికి దగ్గర్లోని కాలేజీని సెలవుల్లో వారం రోజులు ల్యాబు ఇవ్వగలరా అని అడగండి. రాతపూర్వకంగా అడిగితే నాకు రెండు చోట్ల ఒప్పుకున్నారు.

బడి గురించి ఒక మాట. ఇండియాలో సీబీఎస్ఈ వాళ్లు తొమ్మిదిలో, పదకొండులో పిల్లల్ని రిజిస్టర్ చేస్తారు, నేరుగా పదిలోనో పన్నెండులోనో చేరడం చాలా కష్టం. కాబట్టి మీవారి మాట కొట్టిపారేయకుండా, తొమ్మిదిలోనా పదకొండులోనా లేక అసలు వద్దా అన్నది ముగ్గురూ కూర్చుని తేల్చుకోండి.

మొలక:

అందరికీ చాలా థాంక్స్ అండి. ఇదంతా తనకే చదివి వినిపించాను. నిద్ర గురించి రాసింది విని నా వైపు చూసింది, ఇకమీదట పదింటికే మొదలుపెడతాం. వర్గ సమీకరణాల సూత్రం ఎలా వచ్చిందో నిన్న బోర్డు మీద చెప్పడం మొదలుపెట్టి, రెండు వైపులా ఒకే సంఖ్య ఎందుకు కలుపుతామో దగ్గర ఆగిపోయింది. నేను నోరు మూసుకుని కూర్చున్నాను. అరగంట తర్వాత వంటింట్లోకి వచ్చి "ఇప్పుడు చెప్తా రా" అంది. పిప్పెట్ గారూ, ఆ దారం ప్రయోగానికి బరువు ఎంతుండాలి?

పిప్పెట్:

చిన్న తాళం చాలమ్మా. బరువు మారితే టైము మారుతుందా అని ముందు తననే అడగండి, తర్వాత రెండు రకాల బరువులు కట్టి చూడమనండి. ఊపు మాత్రం చిన్నదిగా ఉండాలి.