పిల్లల బొమ్మలు విడతలవారీగా ఇవ్వడం: ఎన్ని బయట ఉంచాలి, ఎప్పుడు మార్చాలి?

చిన్నూ వాళ్ళమ్మ, మియాపూర్

అందరికీ నమస్కారం. మా బాబుకి మూడున్నరేళ్ళు, పాపకి పదిహేను నెలలు. రెండు బెడ్‌రూమ్‌ల ఫ్లాట్, అత్తయ్యగారు మాతోనే ఉంటారు. పుట్టినరోజులకు వచ్చినవి, రిటర్న్ గిఫ్టుల్లో వచ్చినవి, మా అన్నయ్య వచ్చినప్పుడల్లా తెచ్చేవి కలిపి హాల్లో పెద్ద టబ్ నిండిపోయింది, మిగిలినవి సోఫా కిందికి చేరాయి. పొద్దున లేవగానే బాబు టబ్ బోర్లిస్తాడు. ఒక్కదానితోనూ కుదురుగా ఆడడు. కాసేపటికే "అమ్మా, బోర్ కొడుతోంది, ఫోన్ ఇవ్వు" అంటాడు. పాప దొరికిందల్లా నోట్లో పెట్టుకుంటుంది. సాయంత్రానికి హాల్లో కాలు పెట్టే చోటుండదు. అత్తయ్యగారికి మోకాళ్ళ నొప్పులు, ఎక్కడ జారి పడతారోనని నాకు టెన్షన్.

సగం బొమ్మలు లోపల పెట్టి మార్చి మార్చి ఇవ్వమని ఫ్రెండ్ చెప్పింది. ఎన్ని బయట ఉంచాలి? ఎన్నాళ్ళకోసారి మార్చాలి? అత్తయ్యగారేమో "వాడి బొమ్మలు వాడికి కనపడకుండా దాచడమేమిటమ్మా, పాపం" అంటున్నారు. ఆవిడను నొప్పించి చేయడం నాకిష్టం లేదు. ఇంట్లో చేసి చూసినవాళ్ళు చెప్పండి.

అంగన్‌వాడీ టీచరమ్మ, అనకాపల్లి

అమ్మా, నేను అంగన్‌వాడీలో పనిచేసి రిటైరయ్యాను. మాకు ఒకటే గది, గది నిండా పిల్లలు, అందరికీ కలిపి ఒక ప్రీస్కూల్ కిట్. కిట్ మొత్తం చాప మీద పోస్తే దిమ్మలు వదిలి పూసలకు, పూసలు వదిలి జంతువుల బొమ్మలకు పరిగెత్తేవారు. కాసేపటికి అన్నీ కలిసిపోయేవి, ఎవరూ ఏదీ ఆడేవారు కాదు. అందుకని రోజుకు రెండు మూడు రకాలే తీసి, మిగతావి పెట్టెలోనే ఉంచేదాన్ని. ఆ రెండు రకాలతోనే ఎంతసేపు కూర్చునేవారో! దిమ్మలతో బస్సు కట్టేవారు. ఆ తర్వాత ఒకడు కండక్టరు, చింతాకులు టికెట్లు, "నర్సీపట్నం, నర్సీపట్నం" అని కేకలు. అదంతా చేతిలో తక్కువ ఉన్నప్పుడే చూశాను.

మీ ఇంట్లో ముందు ఆ టబ్ తీసేయాలి. టబ్‌లో అడుగున ఏముందో పిల్లాడికి కనపడదు, అందుకే బోర్లిస్తాడు. పైగా పజిల్ ముక్కలు ఒకచోట, దాని చట్రం ఇంకోచోట ఉంటే ఆడమంటే ఎలా ఆడతాడు? పిల్లలు పడుకున్నాక అన్నీ దుప్పటి మీద పోసి, ఏ సెట్టు ముక్కలు ఆ సెట్టుకు చేర్చండి. విరిగినవి, సగం ముక్కలు పోయినవి పక్కన పెట్టేయండి. బయట ఉంచేవాటికి వాడి నడుము ఎత్తులో రెండు అరలు చాలు. కొత్త చెప్పుల స్టాండ్ ఒకటి కొని వాడుకోవచ్చు. ఒక్కో బొమ్మకి ఒక్కో పళ్ళెమో, చిన్న బుట్టో. దేని చోటు దానికుంటే తిరిగి సర్దడం మూడున్నరేళ్ళ వాడికీ వస్తుంది.

ఎన్ని అనే లెక్క కన్నా ఎన్ని రకాలు అన్నది చూసుకోండి. కట్టేది ఒకటి, తోసేదో దొర్లించేదో ఒకటి, వంటా వార్పూ ఆడుకునేది ఒకటి, కూర్చుని చేతులతో చేసే పజిల్ లాంటిది ఒకటి, రంగులూ కాగితాలూ, రెండు మూడు పుస్తకాలు. నాలుగు కార్లుంటే నాలుగూ ఒకే రకం, రెండు లోపల పెట్టినా వాడికి లోటు తెలియదు.

ఎప్పుడు మార్చాలి అంటే, క్యాలెండర్ చూడకండి, పిల్లాణ్ణి చూడండి. ఒక బొమ్మను తీసి వెంటనే పడేస్తున్నా, అసలు ముట్టకపోయినా దాన్ని లోపల పెట్టి, అదే రకంలో ఇంకోటి తీయండి. ఒకేసారి అరలన్నీ ఖాళీ చేయవద్దు. రైలు పట్టాలు పరిచి రోజూ పొడిగించుకుంటున్నాడనుకోండి, నెల దాటినా వాటి జోలికి వెళ్ళొద్దు. పక్కలో పెట్టుకుని పడుకునే ఎలుగుబంటిలాంటిది ఉంటే అది ఈ లెక్కలోకే రాదు, ఎప్పుడూ వాడి దగ్గరే ఉండాలి. ఈ ఒక్క విషయంలో చాలామంది తల్లులు తొందరపడతారు. పిల్లాడికి అది బొమ్మ కాదమ్మా, తోడు.

అత్తయ్యగారి సంగతి. మీ ఇంట్లో బొమ్మల కొలువు పెట్టే అలవాటుందో లేదో కానీ, ఆవిడకి అది తెలిసే ఉంటుంది. కొలువు బొమ్మలు ఏడాదంతా పెట్టెలోనే ఉంటాయి. పండక్కి తీసి మెట్ల మీద పెడితే ఇంటిల్లిపాదీ కొత్తగా చూస్తారు. దాన్ని దాచడం అని ఎవరూ అనరు. ఆ మాట ఆవిడతో చెప్పి, పెట్టె ఆవిడ చేతిలోనే పెట్టండి. ఏది తీయాలో, ఎప్పుడు తీయాలో నానమ్మ నిర్ణయం. పిల్లాడికి కూడా నానమ్మ పెట్టె తెరుస్తుందంటే సంబరంగా ఉంటుంది.

ఇద్దరాడపిల్లల నాన్న, బెంగళూరు

టీచర్‌గారు చెప్పిన దానికే ఒక రుజువు ఉంది. అమెరికాలోని టోలెడో విశ్వవిద్యాలయం వాళ్ళు ఏడాదిన్నర నుంచి రెండున్నరేళ్ళ మధ్య వయసున్న 36 మంది పిల్లలను ఒకసారి 4 బొమ్మలతో, ఇంకోసారి 16 బొమ్మలతో ఆడించి చూశారు. 2018లో అచ్చయింది. నాలుగే ఉన్నప్పుడు ఒక్కో బొమ్మతో ఎక్కువసేపు, ఎక్కువ రకాలుగా ఆడారని తేలింది. నాలుగే ఉంచాలని కాదు, తగ్గిస్తే పిల్లలకు అన్యాయమేమీ జరగదని ధైర్యం చెప్పుకోవడానికి.

దాచడానికి డబ్బాలు కొనకండి. దుప్పట్లు, బెడ్‌షీట్లు కొన్నప్పుడు వచ్చే జిప్పున్న ప్లాస్టిక్ కవర్లు ఉంటాయిగా, వాటిలో ఒక్కో సెట్టు వేయండి. లోపలేముందో కనపడుతుంది, అటక మీద ఒకదాని మీద ఒకటి పడుకోబెట్టొచ్చు. లోపల పెట్టేముందు ఫోన్‌లో ఫోటో తీసుకుంటే ఏ కవర్లో ఏముందో వెతుక్కోనక్కర్లేదు. బ్యాటరీలు తప్పకుండా తీసేయండి, కారిపోయి స్ప్రింగులు తుప్పు పడతాయి. గుడ్డ బొమ్మలను ఉతికి, ఎండలో బాగా ఆరాకే పెట్టండి, వానాకాలంలో ముక్క వాసన వస్తుంది. పురుగు పట్టకుండా కలరా ఉండలు మాత్రం వేయొద్దు. పసిపిల్లలు మింగితే ప్రమాదం.

నర్సక్క, వరంగల్

చిన్నపాప ఉంది కాబట్టి ఒక్క మాట. మార్చి మార్చి ఇవ్వడం కన్నా ముందు, బాబు బొమ్మల్లో చిన్న ముక్కలున్నవన్నీ పాపకి అందని ఎత్తులో పెట్టండి. మూడేళ్ళలోపు పిల్లల బొమ్మలను పరీక్షించే గొట్టం వ్యాసం 31.7 మిల్లీమీటర్లు. అందులో పూర్తిగా పట్టే ముక్క ఏదైనా గొంతుకు అడ్డం పడే వీలుంది. దీపం వెలిగే, పాట పాడే చవక బొమ్మల్లో బటన్ సెల్ (గుండీలాంటి చిన్న బ్యాటరీ) ఉంటుంది. మూతకి స్క్రూ లేకపోతే ఆ బొమ్మ ఇంట్లోనే ఉంచకండి. సెల్ గొంతులో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే అన్నవాహిక కాలిపోవచ్చు. మింగినట్టు అనుమానం వచ్చినా ఆగకుండా ఆస్పత్రికి వెళ్ళాలి. విడి అయస్కాంతాలూ అంతే. మన దేశంలో 2021 జనవరి 1 నుంచి బొమ్మలకు ఐఎస్‌ఐ గుర్తు తప్పనిసరి, కొనేటప్పుడు చూడండి.

చిన్నూ వాళ్ళమ్మ, మియాపూర్

అందరికీ చాలా థాంక్స్. నానమ్మ పెట్టె మాట చెబితే అత్తయ్యగారు నవ్వి, తన పాత ట్రంకు పెట్టె ఖాళీ చేసిస్తానన్నారు! టీచరమ్మా, ఇంకో రెండు సందేహాలు. లోపల పెట్టినది వాడికి గుర్తొచ్చి ఏడిస్తే? మా అన్నయ్య దసరాకి వస్తూ మళ్ళీ ఏదో ఒకటి తెస్తాడు, వద్దంటే బాధపడతాడు. ఏం చేయను?

అంగన్‌వాడీ టీచరమ్మ, అనకాపల్లి

ఏడిచేదాకా ఎందుకమ్మా, అడగగానే ఇచ్చేయండి. గుర్తుపెట్టుకుని అడిగాడంటే దానితో ఆట మిగిలే ఉందన్నమాట. "సరే నాన్నా, దీని బదులు ఏది నానమ్మ పెట్టెలోకి వెళ్తుంది?" అని వాణ్ణే అడగండి. వాడే ఎంచి ఇస్తాడు. ఇవ్వనంటే బలవంతం చేయవద్దు, ఆ పూటకి ఒకటి ఎక్కువే ఉండనివ్వండి.

మీ అన్నయ్యకి ముందే ఫోన్ చేసి ఏం కావాలో చెప్పండి, అప్పుడు వద్దన్నట్టు ఉండదు. మా ఎలమంచిలి దగ్గర వరాహ నది ఒడ్డున ఏటికొప్పాక ఉంది. అక్కడ అంకుడు అనే మెత్తటి కర్రను తరిణె (కర్రను తిప్పుతూ చెక్కే యంత్రం) పట్టి, లక్కలో ఆకులు, వేళ్ళు, గింజల రంగులు కలిపి బొమ్మలు చేస్తారు. 2017లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. లక్కపిడతల సెట్టు ఒకటి తెమ్మనండి. అలాంటి సెట్టుతో వాడు పాపకి అన్నం వండి పెడతాడు, మీకు టీ ఇస్తాడు, ఆరేళ్ళు వచ్చినా ఆడతాడు. ఆ పిడతలు చిన్నవి కాబట్టి, నర్సమ్మ చెప్పినట్టు, పాప నిద్రపోయే వేళలోనే తీయండి, లేచేలోపు మళ్ళీ పెట్టెలో పెట్టేయండి.