హీప్ లిస్టు వరుసలో లేదు, పాప్ మాత్రం సరిగ్గా వస్తోంది. ఎలా?

ప్రశ్న:
పైథాన్‌లో హీప్ (అన్నిటికన్నా చిన్నదాన్ని ముందు ఉంచే అమరిక) కోసం ఉన్న హీప్‌క్యూ మాడ్యూల్‌తో 5, 3, 8, 1, 4 ఇదే వరుసలో పుష్ చేశాను (చేర్చాను). ప్రింట్ చేస్తే 1, 3, 8, 5, 4 వచ్చింది. పాప్ చేస్తే (ముందున్నదాన్ని బయటికి తీస్తే) మాత్రం చిన్నదాని నుంచి పెద్దదాకా సరిగ్గానే వస్తున్నాయి. ప్రయారిటీ క్యూ (ప్రాధాన్యాన్ని బట్టి బయటికిచ్చే వరుస) లోపల సార్ట్ అయి ఉండదా?

జవాబు 1:
ఉండదండీ. హీప్ అంటే లిస్టులో దాచిన చెట్టు: పైనున్నది పేరెంట్, దాని కింద ఉన్నవి పిల్లలు. అది పట్టించుకునే నియమం ఒక్కటే: ఏ పేరెంటూ తన పిల్లల కన్నా పెద్దది కాకూడదు. పక్కపక్క వాటి వరుసతో దానికి పనిలేదు. సున్నా నుంచి లెక్కపెడితే ఇండెక్స్ ఐ పిల్లలు 2ఐ+1, 2ఐ+2 దగ్గర ఉంటాయి. మీ లిస్టులో 1 కింద 3, 8. 3 కింద 5, 4. నియమం ఎక్కడా తప్పలేదు.

పాప్ చేస్తే 1 పోయి, చివరనున్న 4 ఆ చోటికి వస్తుంది. పిల్లలు 3, 8లో చిన్నదైన 3తో చోటు మారుతుంది. ఇప్పుడు లిస్టు 3, 4, 8, 5. 4 కింద ఉన్నది 5 కాబట్టి పని అక్కడితో అయిపోయింది. సొంతంగా హీప్ రాసేవాళ్లు తప్పేది ఇక్కడే: రెండు పిల్లల్నీ పోల్చకుండా ఎడమదానితోనే మార్చేస్తారు, చిన్న టెస్టుల్లో అది దొరకదు కూడా.

10 లక్షల ఐటమ్స్ ఉన్నా చెట్టుకి 20 లెవెల్సే. అందుకే పుష్, పాప్ రెండూ లాగ్ ఎన్‌లో, అంటే దాదాపు లెవెల్స్ ఎన్నో అన్ని అడుగుల్లో అయిపోతాయి. లిస్టు ముందే చేతిలో ఉంటే ఒక్కొక్కటీ పుష్ చేయకండి, హీపిఫై (లిస్టు మొత్తాన్నీ ఒకేసారి హీప్‌గా మార్చే ఫంక్షన్) వాడండి. అది ఓ(ఎన్), అంటే పని ఐటమ్స్ సంఖ్యకు తగ్గట్టే పెరుగుతుంది.

ప్రశ్న అడిగినవారు:
అర్థమైంది, థాంక్స్. ఇంకొకటి. ప్రయారిటీ, డిక్షనరీ కలిపి టపుల్‌గా (ఒకే జతగా) పెడితే టైప్‌ఎర్రర్ వస్తోంది, అదీ అప్పుడప్పుడే.

జవాబు 2:
ప్రయారిటీలు సమానమైనప్పుడే వస్తుంది. మొదటి విలువలు తేలకపోతే పైథాన్ రెండోవాటిని పోలుస్తుంది. డిక్షనరీలకు చిన్నాపెద్దా లేదు కదా! మధ్యలో ఒక కౌంటర్ (ప్రతిసారీ పెరిగే అంకె) పెట్టండి: ప్రయారిటీ, కౌంటర్, డిక్షనరీ. పైథాన్‌లోని ఇటర్‌టూల్స్ మాడ్యూల్‌లో ఉన్న కౌంట్ చాలు. పైగా సమాన ప్రయారిటీ ఉన్నవి వచ్చిన వరుసలోనే బయటికొస్తాయి. ఉత్త హీప్ ఆ హామీ ఇవ్వదు.

జవాబు 3:
హీప్‌లో ఉన్నదాని ప్రయారిటీని నేరుగా మార్చకండి. హీప్‌కి తెలియదు, నియమం చెడుతుంది, ఎర్రర్ రాదు, జవాబులు మాత్రం తప్పుతాయి. కొత్త ప్రయారిటీతో మళ్లీ పుష్ చేసి, పాత ఎంట్రీ పాప్‌లో వచ్చినప్పుడు వదిలేయండి. డైక్‌స్ట్రాలో (అతి తక్కువ దూరం దారి వెతికే పద్ధతి) మామూలుగా చేసేది ఇదే.

సీ++కి మారితే మాత్రం చూసుకోండి, అక్కడ ప్రయారిటీ క్యూ డిఫాల్ట్‌గా పెద్దదాన్ని ముందు ఇస్తుంది. జావాలో చిన్నదే ముందు.