90 దాటితే బండి లైన్ పట్టడం లేదు, అలైన్‌మెంట్ రిపోర్టు మాత్రం అంతా పచ్చ (అంటే హద్దుల్లోనే)

నాలుగోగేరు

ముందు చక్రాల డ్రైవ్ హ్యాచ్‌బ్యాక్, 78,000 కి.మీ. తిరిగింది. ముందు మెక్‌ఫర్సన్ స్ట్రట్లు (స్ప్రింగ్, షాక్ అబ్జార్బర్ కలిసి ఉండే కాళ్లు), వెనక టార్షన్ బీమ్ (వెనక రెండు చక్రాలనూ కలిపే అడ్డదూలం). నెల కిందట లోయర్ ఆర్మ్‌లు (ముందు చక్రాన్ని కింద బండికి కలిపే చేతులు) రెండూ మార్పించి, ముందు రెండు కొత్త టైర్లు వేయించి, అలైన్‌మెంట్, బ్యాలెన్సింగ్ చేయించాను.

80 దాకా ఏ ఇబ్బందీ లేదు. 90 దాటాక తిన్నని రోడ్డు మీద కూడా స్టీరింగ్ అటూ ఇటూ సరిచేస్తూనే ఉండాలి. లేన్ మారితే ముందు భాగం తిరిగిపోతుంది, వెనక భాగం కాస్త ఆలస్యంగా వచ్చి ఒక ఊపు ఊగి కుదురుకుంటుంది. ఒకే పక్కకి లాగడం లేదు, స్టీరింగ్ అదరడం లేదు. గాలి నాలుగింటికీ 32 పీఎస్‌ఐ.

రిపోర్టు: ముందు మొత్తం టో (పైనుంచి చూస్తే చక్రం ముందు కొస లోపలికి తిరిగితే +, బయటికి తిరిగితే −) +0.12°, వెనక టో ఎడమ +0.26°, కుడి −0.04°, క్యాస్టర్ (పక్కనుంచి చూస్తే స్టీరింగ్ తిరిగే ఇరుసు వెనక్కి వాలిన కోణం) ఎడమ 4.1°, కుడి 3.9°. మళ్లీ అలైన్‌మెంట్ చేయించమంటున్నారు. చేయించనా?

స్పానర్17

ఇప్పుడే వద్దండీ. ఆ యంత్రం నిలబడి ఉన్న బండిని కొలుస్తుంది. ఎక్కడైనా బుష్ (ఇనుప భాగాలు కలిసే చోట ఉండే రబ్బరు కీలు) చిరిగి ఉంటే నిలబడినప్పుడు ఒక కొలత, 100లో పక్కగాలి తోసినప్పుడు ఇంకో కొలత. వదులు ఎక్కడుందో తేలకుండా ఎన్నిసార్లు సర్దించినా డబ్బు దండగే.

స్టీరింగ్ అదరడం లేదు కాబట్టి బ్యాలెన్సింగ్‌ని పక్కన పెట్టేయండి. ఒకే పక్కకి లాగడం లేదు, క్యాస్టర్ తేడా కూడా 0.2° మాత్రమే. దాన్నీ వదిలేయొచ్చు.

మొదట ఖర్చు లేని పని. కొత్త టైర్లు ముందు, అరిగినవి వెనక ఉన్నాయి కదా, అది తలకిందుల అమరిక. ముందు పట్టు పెరిగి వెనక తగ్గితే లేన్ మారినప్పుడు తోక ఊగుతుంది. కొత్త జత ఎప్పుడూ వెనకకే వెళ్లాలి, ముందు చక్రాల డ్రైవ్ అయినా సరే. సైజు ఒకటే అయితే ముందువి వెనక్కి, వెనకవి ముందుకి మార్చి చూడండి. పాత టైరు పక్కగోడ మీద చివరి నాలుగంకెలు చదవండి: 2319 అంటే 2019లో 23వ వారం తయారీ. గాలి చల్లటి టైరులో, అంటే బండి కనీసం 3 గంటలు ఆగాక, చూడాలి. డ్రైవర్ తలుపు దగ్గరి స్టిక్కర్ మీద నిండు బరువుకి వెనక చక్రాలకు వేరే అంకె ఉంటుంది. చాలామంది అది చూడనే చూడరు.

తేలేదాకా 80 దాటకండి.

టార్క్‌రెంచ్

నాకు ముందు అనుమానం ఆ లోయర్ ఆర్మ్‌ల బిగింపు మీదే. బండిని లిఫ్ట్ మీద పెట్టి, చక్రాలు కిందికి వేలాడుతుండగానే బుష్ బోల్టు బిగించేస్తారు. బుష్‌లో రబ్బరు లోపలి ఇనుప గొట్టానికీ బయటి రింగుకీ అతుక్కుని ఉంటుంది, జారదు. వేలాడినప్పుడు బిగిస్తే, బండి దిగగానే ఆ రబ్బరు మెలితిరిగిన స్థితిలో ఉండిపోతుంది. సస్పెన్షన్ బిగుసుగా అనిపిస్తుంది, కొన్ని నెలల్లో రబ్బరు చిరుగుతుంది.

సరిచేయాలంటే బండి చక్రాల మీద నిలబడి ఉండగా (గుంత మీదైనా, నాలుగు చక్రాలూ ఆనే ర్యాంప్ మీదైనా) ఆర్మ్‌లోని అడ్డబోల్టు వదులు చేయండి, బానెట్ మీద నాలుగైదుసార్లు నొక్కి వదలండి, ఆపై కంపెనీ చెప్పిన టార్క్‌కి బిగించండి. నిలువు బోల్టుతో ఉండే వెనక బుష్‌కి ఈ బాధ తక్కువ.

అక్కడే ఉన్నారు కాబట్టి ఇవీ చూసేయండి. చక్రాలు నేల మీద ఉండగా ఒకరు స్టీరింగ్‌ని గడియారంలో ఐదు నిమిషాలంత అటూ ఇటూ కదపాలి, ఇంకొకరు టై రాడ్ ఎండ్ (స్టీరింగ్‌ని చక్రానికి కలిపే కడ్డీ కొస) మీద, ఆ తర్వాత స్టీరింగ్ ర్యాక్ (ఆ కడ్డీలను అటూ ఇటూ నెట్టే భాగం) బిగించిన చోట చెయ్యి వేసి చూడాలి. టక్‌మని చేతికి తగిలితే అక్కడ ప్లే (వదులు) ఉంది. తర్వాత జాకీ ఎత్తి, స్టాండ్ పెట్టి (ఒట్టి జాకీ మీద బండి కిందికి దూరకండి), చక్రాన్ని గడియారం అనుకుని 3–9 దగ్గర పట్టి ఊపితే టై రాడ్, 12–6 దగ్గర ఊపితే బేరింగ్ లేదా బాల్ జాయింట్ బయటపడతాయి.

ఇంకొకటి: స్టీరింగ్ తిప్పి వదిలితే మధ్యకి రాకుండా మీరు పెట్టిన చోటే ఆగిపోతోందా? అలా అయితే స్ట్రట్ పైన ఉండే మౌంట్ బేరింగ్ పట్టేసినట్టు. స్టీరింగ్ తిప్పుతుంటే స్ప్రింగ్ మీద చెయ్యి ఆనించండి, సాఫీగా తిరగకుండా ఎగిరి దుమికినట్టు కదులుతుంది.

బీమ్‌బుష్

ఇద్దరూ ముందు వైపే చూస్తున్నారు. అసలు కథ ఆ వెనక టో అంకెల్లో ఉంది.

ఎడమ +0.26, కుడి −0.04, కలిపితే +0.22. మొత్తం మామూలుగా ఉంది కాబట్టి యంత్రం పచ్చ చూపింది. కానీ వెనక చక్రాలు రెండూ కుడికి చూస్తున్నాయి. తేడాలో సగం, అంటే 0.15°, థ్రస్ట్ యాంగిల్ (బండి మధ్యగీత నుంచి వెనక చక్రాలు పక్కకి నడిపించే కోణం). వెనక చక్రాలు నడిపిస్తున్న దిశకే ముందు చక్రాలను సర్దేస్తారు కాబట్టి స్టీరింగ్ తిన్నగానే కనిపిస్తుంది.

మొత్తం చెడకుండా రెండు చక్రాలూ ఒకే వైపు తిరిగాయంటే బీమ్ వంగడం కన్నా, బీమ్ మొత్తంగా తిరిగి ఉండే అవకాశమే ఎక్కువ. ఎడమ కొస ముందుకో, కుడి కొస వెనక్కో జరిగింది. చక్రాల మధ్య 1,450 మి.మీ. అనుకుంటే 0.15° అంటే దాదాపు 4 మి.మీ. జరగడం. బీమ్‌ని బాడీకి పట్టి ఉంచేవి రెండే బుష్‌లు. అవి చిరిగితే ఆలస్యంగా వచ్చి ఊగే తోక సరిగ్గా ఇలాగే ఉంటుంది.

బండి వెనక భాగం స్టాండ్ల మీద పెట్టి, బ్రాకెట్‌కీ బీమ్‌కీ మధ్య గడ్డపార కొసతో మెల్లగా నెట్టండి. రబ్బరు పగులు తెరుచుకుంటే తెలిసిపోతుంది. షాక్ అబ్జార్బర్ మీద నూనె తడి, టైరు మీద చిప్పలు చిప్పలుగా అరుగుదల కూడా చూడండి. బానెట్ నొక్కి చూసే పరీక్షని నమ్మకండి, సగం పోయిన షాక్ కూడా అందులో పాసైపోతుంది.

నాలుగోగేరు

టైర్లు ముందూ వెనకా మార్చాక ఊపు కొంచెం తగ్గింది, పోలేదు. ముందు ఎక్కడా ప్లే లేదు, అడ్డబోల్టులు బరువు మీద మళ్లీ బిగించాం. వెనక కుడి బుష్‌లో రబ్బరు సగం చుట్టూ ఊడి ఉంది. ఎడమది బాగానే కనిపిస్తోంది. ఒక్కటే మారిస్తే చాలా?

బీమ్‌బుష్

రెండూ మార్చండి. ఒకటి గట్టి, ఒకటి మెత్త అయితే బీమ్ మళ్లీ మెత్త వైపు తిరుగుతుంది. ప్రెస్‌తో ఎక్కించేటప్పుడు దిశ చూడాలి: ఈ బుష్‌లలో రబ్బరు మధ్య ఖాళీలు ఉంటాయి, అవి ఏ వైపు ఉండాలో పాతది తీయకముందే బీమ్ మీద గీత పెట్టుకోండి. తప్పు తిప్పి ఎక్కిస్తే కొత్త బుష్‌తోనూ అదే ఊపు. బోల్టు బిగింపు ఇక్కడా బరువు మీదే. ఆపై అలైన్‌మెంట్ చేయించి, రిపోర్టులో థ్రస్ట్ యాంగిల్ అంకె విడిగా అడగండి. బండిలో స్టెబిలిటీ కంట్రోల్ (బండి అదుపు తప్పి జారకుండా ఆపే ఎలక్ట్రానిక్ ఏర్పాటు) ఉంటే స్టీరింగ్ యాంగిల్ సెన్సర్ సున్నా కూడా అప్పుడే పెట్టించేయండి.